ఆలీడా ఇచ్చిన పూల పటం

హాలండులోని హార్లెంలో మా వీధి బాగా ఇరుకు. కిటికీలకి తెరలు వేసుకునే అలవాటు కూడా మాలో లేదు. ఎదురింటి బల్ల మీద కాఫీ చల్లారిపోతుంటే మా ఇంట్లోంచి కనబడుతుంది. అందుకే ఎదురింటి ఫెమ్కె సంగతి నా ఒక్కదానికే కాదు, వీధంతటికీ తెలుసు.

ఫెమ్కె పక్కింట్లో ఆలీడా అనే పెద్దావిడ ఒక్కతే ఉండేది. ఆమె భర్త బారెంట్ బతికున్నన్నాళ్లూ రంగుల అచ్చాఫీసులో పనిచేశాడు. ఒక శీతాకాలం చివర్లో ఆలీడాకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. వాకిట్లో అంబులెన్సు ఆగి ఉండగానే ఆవిడ గోడ మీది పటం దింపించి ఫెమ్కె చేతిలో పెట్టింది.

"ఇది నువ్వుంచుకో. కెనడాలో ఉన్న మా మేనకోడలికి ఇలాంటివి పట్టవు. నేను పోతే చెత్తలో వేసేస్తుంది."

"అవేం మాటలు ఆలీడా గారూ! మీరొచ్చేదాకా భద్రంగా చూసుకుంటాను."

పాతకాలపు చిత్రకారుడెవరో వేసిన పూల బొమ్మకి అచ్చు ప్రతి అది. కుండీ నిండా ట్యూలిప్పులు, గులాబీలు, కింద ద్రాక్ష గుత్తులు, పైన మెత్తటి నూగుండే పీచు పండ్లు, ఒక ఆకు మీద ఈగ. మా ఊళ్లో ఆ బొమ్మ లేని చోటు లేదు. దంతాల డాక్టరు గదిలో, మంగలిషాపులో ఉంటుంది, బిస్కెట్ డబ్బాల మూతల మీద ఉంటుంది. తెలిసిన బొమ్మే కదా అని ఫెమ్కె దాని వంక సరిగ్గా చూడనైనా లేదు. నడవాలో ఒక మేకుకి తగిలించి ఊరుకుంది.

ఆమె భర్త వెస్సెల్ పుట్టినరోజుకి చుట్టాలొచ్చారు. అందరూ గుండ్రంగా కుర్చీలు వేసుకుని కేకు తింటుంటే, వెస్సెల్ చెల్లెలు యాకోమీనా నడవాలో పటం చూసి అక్కణ్ణించే గొంతెత్తి అడిగింది.

"ఏం వదినా, ఇంట్లో మంగలిషాపు తెరిచావా ఏంటి?"

అందరూ పకపకా నవ్వారు. ఫెమ్కె కూడా నవ్వింది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆస్పత్రి నుంచి వచ్చే కబుర్లు అప్పటికి బాగాలేవు. ఆలీడా ఇక తిరిగి రాదని అందరం అనుకుంటున్నాం. ఆ వారమే ఫెమ్కె పటాన్ని పాత దుప్పటిలో చుట్టి, చర్చివాళ్లు పెట్టే పాతసామాన్ల సంతలో ఇచ్చేసి వచ్చింది.

వేసవి మొదట్లో, స్ట్రాబెర్రీలు వచ్చే రోజుల్లో ఆలీడా టాక్సీలో ఇంటికొచ్చింది. చిక్కిపోయింది, చేతిలో కర్ర. కిటికీలో ఫెమ్కెని చూసి కర్ర ఎత్తి ఊపింది. "గురువారం కాఫీకి వస్తా!" అని అరిచింది కూడా.

"ఉన్నదున్నట్టు చెప్పెయ్," అన్నాడు వెస్సెల్.

"ఏమని చెప్పను? నీ చెల్లెలు నవ్వితే సిగ్గేసి వదిలించుకున్నాననా? ఆవిడ పోతుందనుకున్నాననా?"

చర్చిలో అడిగితే పటం ఎప్పుడో అమ్ముడైపోయిందన్నారు. ఎవరు కొన్నారో ఎవరికీ గుర్తులేదు. శనివారం సంతలో అదే బొమ్మ ఇంకో చట్రంలో దొరికింది. ఫెమ్కె దాన్ని తెచ్చి అదే మేకుకి తగిలించింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

గురువారం ఆలీడా వచ్చింది. నడవాలో ఆగి కళ్లజోడు పెట్టుకుంది.

"చట్రం విరిగితే మార్పించానండీ," అంది ఫెమ్కె, అడక్కముందే.

"పీచు పండ్లు ఎర్రగా ఉన్నాయే."

"పండ్లు ఎర్రగానే ఉంటాయి కదండీ."

"నా పటంలో ఉండవు." ఆలీడా గొంతులో కోపం లేదు. "మా పాప పుట్టిందని కబురొచ్చేసరికి బారెంట్ ఈ బొమ్మకి ఎర్రరంగు అద్దే యంత్రం దగ్గరున్నాడు. విన్నవాడు విన్నట్టే ఇంటికి పరిగెత్తుకొచ్చేశాడు. అక్కడ ఎర్రసిరా అయిపోయింది, చూసుకున్నవాళ్లు లేరు. గులాబీలు పాలిపోయాయి, పండ్లు కాయల్లా ఆకుపచ్చగా వచ్చాయి. మేస్త్రీ తిట్టి కాగితాలన్నీ పారేయిస్తే, ఈయన ఒకటి చుట్టి తెచ్చుకున్నాడు. పాప ఆ చలికాలం దాటలేదు. దాని ఫొటో ఒక్కటైనా తీయించలేదు మేము."

ఫెమ్కె చేతిలోని కాఫీ పళ్లెం బల్ల మీద పెట్టింది. అంతా చెప్పేసింది. సంత, దుప్పటి, యాకోమీనా నవ్వు. చెబుతున్నకొద్దీ తన మాటలు తనకే రోతగా వినిపించాయి. ఆలీడా కాఫీ ముట్టుకోలేదు.

"నచ్చలేదని చెప్పి ఉంటే వేరే ఎవరికైనా ఇచ్చుకునేదాన్నిగా," అంది. కర్ర అందుకుని వెళ్లిపోయింది.

మర్నాడు రొట్టెల కొట్టు అద్దానికి ఒక కాగితం అంటించి ఉంది. 'ఆలీడా గారు దాచమని ఇచ్చిన పూల పటాన్ని నేను చర్చి సంతలో ఇచ్చేశాను. తప్పు నాదే. అందులో పీచు పండ్లు ఆకుపచ్చగా ఉంటాయి. ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చెప్పండి.' కింద ఫెమ్కె పేరు, ఇంటి నంబరు. రొట్టెకి వెళ్లిన ప్రతివాళ్లూ చదివారు. నేనూ చదివాను. ఫెమ్కె లోపలికి వస్తే కొట్లో మాటలు ఆగిపోయేవి.

జనం పటాలు తేవడం మొదలుపెట్టారు. అటకల మీదివి, చనిపోయిన అత్తలవి, ఈగ ఉన్నవి, ఈగ చిరిగిపోయినవి. ఫెమ్కె ప్రతి పటాన్నీ వెలుతురులోకి తెచ్చి చూసేది. అన్నిట్లోనూ పండ్లు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. "ఇది కాదండీ, శ్రమ ఇచ్చాను," అని తలుపు దగ్గరే చెప్పి పంపేది. "ఇచ్చేసేముందు ఒక్కసారైనా చూడలేదుటమ్మా?" అని ఒక ముసలాయన మొహం మీదే అడిగాడు. లేదండీ అంది. ఆ పటం ఇప్పటికీ దొరకలేదు.

ఎండలు తగ్గాక ఒక పొద్దున ఆలీడా తలుపు తట్టింది.

"ఆ కాగితం తీసెయ్. ఊరంతా నిన్ను ఆడిపోసుకుంటోంది."

"అననివ్వండి."

"నీకేం పర్లేదేమో గానీ నాకు విసుగొస్తోంది. రొట్టె కొందామని వెళ్తే ప్రతివాళ్లూ నన్ను ఓదారుస్తున్నారు." గుమ్మానికి ఆనుకుని ఊపిరి పీల్చుకుంది. "ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ వంతెన మెట్లు ఒక్కదాన్నే దిగలేను. వస్తావా?"

ఫెమ్కె కోటు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటికొచ్చింది. ఆలీడా ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కాలువ గట్టు వెంట మెల్లగా నడిచి వెళ్లడం మా కిటికీలోంచి చూశాను. ఆలీడా ఏదో చెబుతూనే ఉంది. ఫెమ్కె తల ఊపుతోంది గానీ, ఆవిడ మొహంలోకి మాత్రం చూడలేకపోతోంది.