మూతకూ పెట్టెకూ మధ్య సందు

మా తమ్ముడు గిరిప్రసాద్ పనిచేసిన చోటును నేను చూసింది అతను పోయిన ఇరవై మూడో రోజున. శ్రీకాళహస్తి దాటాక వచ్చే తవుడు నూనె ఫ్యాక్టరీ అది. పెట్రోలు లాంటి సాల్వెంటుతో తవుడును కడిగి నూనె తీస్తారు. తొంభై ఎనిమిది నవంబరులో, వానల మధ్య, అక్కడి పంపుల షెడ్డులో మంట లేచింది. తనిఖీకి వచ్చినవాళ్ళు కారణం తెలియలేదని రాసి వెళ్ళారు. గిరి బీడీ వెలిగించాడని ఊళ్ళో అనుకున్నారు. అతనికి బీడీ అలవాటు లేదు. అంతమాత్రాన తప్పు అతనిది కాదని అనలేను. ఏం జరిగిందో నాకు తెలియాలి.

గేటు దగ్గర వాచ్‌మన్ నా జేబులు తడిమాడు. చూడడానికి పనికొస్తుందని తెచ్చుకున్న టార్చిలైటును తీసి పక్కన పెట్టాడు. పెన్ను వైపు అనుమానంగా చూశాడు.

"పెన్ను ఉండనీలేప్పా. అది పీక్కుంటే బడి అయ్యోర్లకు ఊపిరాడదు," అంటూ ఫోర్‌మన్ పరంధామయ్య వచ్చి నన్ను లోపలికి తీసుకుపోయాడు.

ఫ్యాక్టరీ ఆగి ఉంది. ట్యాంకులు ఖాళీ చేశారట. షెడ్డులో వరసగా ఐదు పంపులు, ఒక్కోదాని పక్కన ఒక్కో ఇనుప స్విచ్ పెట్టె. మొదటి పెట్టెకు మూత లేదు. గోడంతా నల్లగా ఉంది.

"పంపు సీలు కారతా ఉండాదని గిరి మార్చినాడు సార్. మార్చి, ఒక్కసారి తిప్పి సూసేదానికి స్విచ్ నొక్కినాడు. కారిన సాల్వెంటు ఆవిరి ఇంకా ఈడనే ఉండాది. అంతే."

"స్విచ్ నొక్కితే రవ్వ వస్తుంది కదా. మరి రోజూ నొక్కుతూనే ఉన్నారు కదా?"

ఆయన ఒక మూల పడి ఉన్న కొత్త పెట్టెను తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూత, పెట్టె కలిసే అంచు నా బొటనవేలంత వెడల్పుగా, అద్దంలా నునుపుగా ఉంది. మూత బిగించి, కాగితం కన్నా పలచని ఉక్కు రేకును అంచులో దూర్చబోయాడు. అది దూరలేదు.

"దూరకపోయినా, ఆడ సందు ఉండాది సార్. ఇనుముకూ ఇనుముకూ మధ్య వెంట్రుక పాటి సందు. ఆవిరి లోపలికి పోకుండా ఆపలేము. రవ్వకు లోపలే టప్పున అంటుకుంటాది. పెట్టె దళసరి, పగలదు. ఆ మంట బయటికి రావాలంటే ఈ సందులోనే రావాల. వచ్చేలోగా సల్లబడిపోతాది."

ఎనిమిదో తరగతి పిల్లలకు నేను స్పిరిటు దీపం మీద సన్నని తీగల జల్లెడ పట్టి చూపిస్తాను. మంట జల్లెడ కిందే ఆగిపోతుంది, వేడిని తీగలు లాగేసుకుంటాయి. ఇక్కడ జల్లెడ లేదు, రెండు అంచులు మాత్రమే ఉన్నాయి. మంటను ఆపేది మూత కాదు, మూత పక్కనున్న ఆ సన్నని దారి. ఒక్క బోల్టు వదులైతే ఏమవుతుంది, అంచుకు తుప్పు పడితే, రంగు పూస్తే ఏమవుతుంది అని వరసగా అడిగాను. కొంతసేపు తమ్ముణ్ణి మరచిపోయాను.

"మరి ఆ మొదటి పెట్టెలో మంట ఎందుకు ఆగలేదు?"

పరంధామయ్య రెండో పంపు దగ్గరికి నడిచాడు. ఆ పెట్టె మూత చుట్టూ నల్లటి గీత కనబడింది. సైకిలు ట్యూబును కోసి చేసిన వలయం.

ఈ పని నాకు తెలుసు. మా వైపు ప్రతి బోరు స్టార్టరు పెట్టెకూ వాన, బల్లులు లోపలికి పోకుండా ట్యూబు ముక్క వేస్తారు. ఫ్యాక్టరీలో చేరక ముందు గిరి ఎనిమిదేళ్ళు బోరు మోటార్లు బాగుచేశాడు. కోత నున్నగా, చక్కగా ఉంది. అతని చేతి కోతే.

"వానలు మొదలు కాకముందు ఐదింటికీ వేసినాడు. నేనూ సూసి బాగుండాదన్నాను. రబ్బరుంటే ఇనుము ఇనుముకు ఆనదు. మంటకు రబ్బరు ఎగిరిపోయి, సందు వాకిలంత అవతాది. తనిఖీ వాళ్ళు పోయినాక మోటారు కంపెనీ ఆయన వచ్చి సెప్పేదాకా నాకూ తెలీదు."

"మిగతావి తీయలేదేం?"

"ఈ ఫిట్టర్లు తీయనియ్యరు సార్. సోమవారం ఫ్యాక్టరీ తిప్పాల. నేను తీసినా, మళ్ళీ వాన రాగానే వీళ్ళే వేస్తారు."

షెడ్డు గుమ్మంలో ఫిట్టరు రామచంద్ర నిలబడి వింటున్నాడు. నలభై దాటినవాడు, గిరికి పని దోస్తు.

"తప్పు గిరి మీద తోసేదానికి యాడ దొరుకుతాదా ఒక సాకు అని సూస్తా ఉండారు అయ్యోరా," అన్నాడు. "సచ్చిపోయినోడు వచ్చి అడగడు కదా. మొన్నటిదాకా బీడీ అన్నారు, ఇప్పుడు రబ్బరంట. రేపు మొలతాడు అంటారు. గిరి వేసినదాన్ని నేను ముట్టుకోను."

"నీకు సెప్పేదానికన్నా ఈ పంపుకు సెప్పేది మేలురా," అన్నాడు పరంధామయ్య.

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఊరుకుంటే గిరి మంచి పనివాడిగానే మిగులుతాడు. కారణం తెలియలేదన్న కాగితం ఎలాగూ ఉంది. కానీ సోమవారం రామచంద్ర ఇక్కడే నిలబడి, రబ్బరున్న ఈ పెట్టె మీట నొక్కుతాడు.

"వేసింది మావాడే," అన్నాను. "మంచికే వేశాడు. కానీ తప్పు. దాని వల్లే పోయాడు. ఎవరడిగినా నేను ఇదే చెబుతాను. తీసెయ్ రామచంద్రా."

అతను పానా కోసం చెయ్యి చాచాడు.

పరంధామయ్య ముందు మెయిన్ గదికి పోయి కరెంటు ఆపి, తాళం వేసి వచ్చాడు. తాళంచెవిని రామచంద్ర చొక్కా జేబులో వేశాడు. విప్పేవాడి దగ్గరే అది ఉండాలట. గాలిలో ఆవిరి లేదని మీటరు పెట్టి చూశాడు. రామచంద్ర ఎనిమిది బోల్టులు విప్పి మూత దించాడు. రబ్బరు అంచుకు అతుక్కుపోయి ఉంది. గీకితే అంచు పాడవుతుందని పరంధామయ్య చెబితే, వేలితోనే కొంచెం కొంచెంగా ఊడదీశాడు. గుడ్డతో తుడిచాడు. ఇనుము మెరిసింది. దాని మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపి చూశాడు.

"మరి వానకేం సేసేది?"

"పైన రేకు గొడుగు కడదాం. అంచుకు పలచగా గ్రీజు పూయొచ్చంట," అన్నాడు పరంధామయ్య.

"గొడుగు ఎంత వెడల్పు కావాల?"

"నువ్వే సూడు."

రామచంద్ర పెట్టె మీద జానతో కొలవడం మొదలుపెట్టాడు. నా నీడ అడ్డంగా పడుతోందని గమనించి పక్కకు జరిగాను.