ఫోల్డరు తెరిచే పేర్లు

మా సంఘం పెళ్ళిసంబంధాల ఆఫీసులో ఆడపిల్లల ఫైళ్ళను కమిటీలోని ముగ్గురు ఆడవాళ్ళం మాత్రమే తెరుస్తాం. జాతకాలు ఇనుప బీరువాలో ఉన్న రోజుల నుంచీ అదే కట్టుబాటు. కంప్యూటరు వచ్చాక తాళంచెవుల బదులు మా ముగ్గురి పేర్లకు పర్మిషన్ ఇచ్చారు.

పోయిన నెల ఆఫీసు తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి కల్యాణ మండపానికి మారింది. ఫైళ్ళను పాత సర్వరు నుంచి అక్కడి కొత్తదానికి ఎక్కించే పని ఆఫీసు కంప్యూటర్లు చూసే విఘ్నేష్‌ది. ఆదివారం అబ్బాయిల తరఫువాళ్ళు వచ్చే రోజు కాబట్టి, అన్నీ సరిచూద్దామని ముందురోజు శనివారం పొద్దున రైలెక్కాను.

“ఒక్క ఫైలు కూడా పోలేదక్కా,” అన్నాడు విఘ్నేష్.

“అమ్మాయిల ఫోల్డరు ఎవరెవరికి తెరుచుకుంటుంది?”

“అందరికీ.”

“అదేంది?”

“మీ పేర్లు పాత సర్వరులో చేసినవి. కొత్తదానికి మీరెవరో తెలీదు. పేర్లుండాల్సిన చోట ఇంత పొడుగు నంబర్లు చూపించింది, ఎవరికీ తెరుచుకోలే. సెక్రెటరీ మామ ఒకటే అరుపు. అందుకే పొద్దున అందరికీ అని పెట్టేసినా. సాయంత్రం మారుస్తా.”

కాఫీ తాగుతున్న సెక్రెటరీ జయరామయ్య మామ నవ్వాడు. “ముప్పై ఏండ్ల సెక్రెటరీకి ఇన్నాళ్ళకి వాకిలి తెరిచినారమ్మా.”

“ఎవరి ఫైలు చూసినారు మామా?”

“ఆ పాండూరు టీచరమ్మది, శ్రీవాసవిది. రేపు ఆమె కోసమే ఒకరొస్తా ఉండారు కదా. సుమ్మా, ఊరికే రెండు లైన్లు. మూసేసినా.”

అంతకుముందు నిశ్చయమైన సంబంధాన్ని ఎందుకు వదులుకుందో శ్రీవాసవి తమిళంలో రెండు పేజీలు రాసిచ్చింది. మీ ముగ్గురూ తప్ప ఇంకెవరూ చూడకూడదు అని మాట తీసుకుంది. స్కాన్ చేసి ఆ ఫోల్డరులో పెట్టింది నేనే.

ముందు ‘అందరికీ’ అన్నది అక్కడికక్కడే తీయించి, మా ముగ్గురి పేర్లు కొత్త సర్వరులో చేర్పించాను. తర్వాత వరండాలోకి వెళ్ళి శ్రీవాసవికి ఫోన్ చేశాను. ఎంతసేపు తెరిచి ఉందో, ఎవరు చూశారో చెప్పాను.

ఆమె మిక్సీ ఆపింది. “ఏ రెండు లైన్లు అక్కా?” అంది.

“అడగనా?”

“వద్దు. అడిగితే నోటితో మళ్ళీ తెరుస్తాడు.”

“ఆ రెండు పేజీలూ తీసేయమంటావా?”

“తీసేస్తే ఏదో దాచినానంటారు. ఉండనీండి. తెరిచేవాళ్ళలో నా పేరు యాడుంది?”

లేదు. ఏ అమ్మాయి పేరూ ఎప్పుడూ లేదు. అదే చెప్పాను.

“నా ఫైలుకు నా పేరు పెట్టండి. మిగతావి తీసేయండి. వచ్చేవాళ్ళకి చూపించాలంటే నేనే చూపిస్తా.”

“నాది?”

“మీది కూడా అక్కా.”

లోపలికి వచ్చి విఘ్నేష్‌కు చెప్పాను. “ఆమె కమిటీలో లేదు కదక్కా,” అన్నాడు.

“ఏందమ్మా ఈ కొత్త వళక్కం, ఎప్పుడూ లేని పద్ధతి? రేపు వాళ్ళడిగితే నేనేం చెప్పేది?” అన్నాడు మామ.

“శ్రీవాసవిని అడగమని చెప్పండి. మిగతా ఇద్దరికీ నేను చెప్పుకుంటాను.”

విఘ్నేష్ ఆమె పేరు చేర్చాడు, మా మూడు పేర్లు తీశాడు. పాత సర్వరులోని కాపీ సోమవారం తుడిపేస్తానన్నాడు. ఇప్పుడే అన్నాను. తుడిపేశాడు. శ్రీవాసవి తన ఫోనులో పాస్‌వర్డు పెట్టుకుని, తెరుచుకుందని కబురు పెట్టింది.

చివరగా నా పేరుతో లోపలికి వెళ్ళి ఆమె ఫైలును నొక్కాను. మీకు అనుమతి లేదని వచ్చింది. రెండోసారి కూడా నొక్కి చూసి, సంచీ తీసుకుని స్టేషనుకు బయలుదేరాను.