వెనక గది గడియ

కొత్త గోడలకు రోజుకు మూడుసార్లు నీళ్ళు కొట్టడం నా పని. సిమెంటు పూత పగలకుండా గట్టిపడాలంటే తడి ఆరకూడదట. మేస్త్రీకి, వడ్రంగికి టీ పెట్టడం, గ్లాసులు కడగడం, తలుపులకు రంగు ఎంచడం, ఎంచిన రంగు మా ఆయనకు నచ్చకపోతే మళ్ళీ ఎంచడం కూడా నా పనులే. ఆసుపత్రి ల్యాబులో పద్నాలుగేళ్ళుగా రక్తపరీక్షలు చేసేదాన్ని, రెండు నెలలు సెలవు పెట్టి వచ్చి రాళ్ళకు సేవ చేస్తున్నాను. సోమవారం మళ్ళీ డ్యూటీలో చేరాలి. ఈలోపే రాజీనామా పంపేయమంటాడు మా ఆయన. ఉత్తరం కూడా తనే రాసి నా ఫోనుకు పంపాడు. నేను సంతకం పెడితే చాలట.

మామగారు పోయాక ముప్పై ఏళ్ళుగా పాడుబడి ఉన్న రాతి ఇల్లు ఇది. దీన్ని బాగుచేసి నన్నూ అత్తయ్యనూ ఇక్కడ ఉంచాలని, తను పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ వారానికి రెండు రోజులు వచ్చి పోవాలని మా ఆయన ఏర్పాటు. "పిల్లా జెల్లా లేనిదానివి, ఎవరి కోసం నీకా ఉద్యోగం?" అన్నాడు. అన్నం కలుపుకుంటూ అన్నాడు, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా. రోజూ మూడుసార్లు వీడియోలో ఫోను చేసి గోడలు చూపించమంటాడు. గోడలయ్యాక "ఒకసారి చుట్టూ తిప్పు" అంటాడు. నా చుట్టూ ఎవరున్నారో చూశాక గానీ పెట్టెయ్యడు. "నువ్వెక్కడున్నావో తెలిస్తే నాకు మనసు నిమ్మళంగా ఉంటుంది" అంటాడు. పెళ్ళయిన కొత్తలో ఈ మాటకే మురిసి ముక్కలయ్యాను. నా తెలివి అలా తెల్లారింది.

ఇల్లంతా మారిపోయింది. వంటగదికి చిమ్నీ వచ్చింది, హాలుకు గాజు తలుపులు వచ్చాయి. వెనక గది మాత్రం ముట్టుకోవద్దన్నాడు. "అది ధాన్యం కొట్టు. అలాగే ఉంచి నీకు చదువుకునే గదిగా ఇద్దాం. ఆ పాత తలుపే ఇంటికి అందం." ఆ గదిలో మిట్టమధ్యాహ్నం కూడా పాదాలు చల్లబడేవి. ఉన్న ఒక్క కిటికీ నా తలకు రెండు మూరల పైన ఉంది. ఎందుకో అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయేదాన్ని.

శుక్రవారం వడ్రంగి ఆ తలుపు సరిచేస్తూ ఆగిపోయాడు.

"అమ్మా, తలుపులన్నిటికీ గడియ లోపలుంది. దీనికి మాత్రం బయట. గడియ దిగే రంధ్రం రాతిలోనే తొలిచేశారు. లోపలికి మార్చాలంటే ఇంకోవైపు రాయి తొలవాలి. మార్చమంటారా?"

"ధాన్యం కొట్టు కదా, బయటే ఉంటుందిలే" అన్నాను.

మేస్త్రీ గది లోపలి గోడలో ఉన్న చిన్న గూట్లో వేలు పెట్టి తీశాడు. వేలికి మసి అంటింది. "ధాన్యానికి రోజూ దీపం ఎవరు పెడతారమ్మా? ఇది ఏళ్ళ తరబడి పట్టిన మసి."

నేను మా ఆయనకు ఫోను చేశాను. నా మాట పూర్తికాకముందే "మార్చొద్దు, గడియ ఉన్నచోటే ఉండనీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. చుట్టూ తిప్పమన్నాడు. తిప్పాను.

అత్తయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఈ రెండు నెలల్లో ఆవిడ ఒక్కసారి కూడా వెనక గది వైపు రాలేదు. అడిగితే మోకాళ్ళ నొప్పులంటుంది. టీ గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చున్నాను.

"వెనక గదిలో ఎవరుండేవారు అత్తయ్యా?"

ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"నేనే. మీ మామగారు పొలం వెళ్తూ గడియ పెట్టి వెళ్ళేవారు. బావి దగ్గర ఎవరితోనో నవ్వానట."

"ఎన్నాళ్ళు?"

"ఆయన పోయేదాకా."

చూడండి, అప్పుడు కూడా నాకు ముందు తోచింది మా ఆయన గురించే. పాపం చిన్నవాడు, ఏం తెలిసుంటుంది అనుకున్నాను. ఆయన తరఫున సాకులు వెతకడం నాకు ఊపిరి తీసినంత అలవాటైపోయింది.

"మీ అబ్బాయికి తెలుసా?"

"తెలియకేం? వాళ్ళ నాన్నకు తీరిక లేని రోజు వాడే గడియ వేసేవాడు. అందేది కాదు పాపం. పీట వేసుకుని ఎక్కేవాడు."

ముందు భయం వేసింది. కోపం తర్వాత వచ్చింది, వచ్చింది మాత్రం నిండుగా వచ్చింది. ల్యాబుకు ఫోను చేసి సోమవారం డ్యూటీలో నా పేరు వేయమన్నాను. ఆసుపత్రి క్వార్టర్స్‌లో ఇద్దరికి సరిపడా గది కావాలన్నాను. పెట్టెయ్యగానే మా ఆయన నుంచి ఫోను వచ్చింది. ఎత్తలేదు. ఆగి మళ్ళీ మోగింది.

"బట్టలు సర్దుకోండి అత్తయ్యా. నాలుగింటి బస్సుకి వెళ్ళిపోదాం. నాతోనే ఉందురు గాని."

డెబ్భై ఏళ్ళ మనిషి, బడిపిల్లలా నా ముఖంలోకి చూసింది.

"వాణ్ణి అడక్కుండా వెళ్ళొచ్చా అమ్మాయ్?"

నాకు మాత్రం ఏం తెలుసు? నేనూ ఎప్పుడూ వెళ్ళలేదు.

"వెళ్ళి చూద్దాం అత్తయ్యా" అన్నాను.