గురక పెట్టే పీపాలు

పొద్దున్నే గోదాము తలుపు తీసి, ఒక్కో పీపాకు చెవి ఆనించి వినడం పెద్దాయన దినచర్య. ఓడ దిగిన విస్కీ పీపాలు ప్రయాణ బడలికతో నిద్రపోతాయి. కొన్ని ఏడేళ్ళు, కొన్ని పదిహేనేళ్ళు. గురక ఆగిందంటే పీపా మేలుకున్నట్టు, సరుకు సీసాల్లోకి దించుకోవచ్చు. నిద్రలో ఉండగా బిరడా పీకితే మాత్రం అది మరిక మేలుకోదు. తాగినవాళ్ళకు ఆవులింతలు తప్ప ఏమీ దక్కవు.

పెళ్ళైన కొత్తలో ఉన్నదంతా ఊడ్చి రెండు పీపాలు తెప్పించాడాయన. వ్యాపారానికి అదే మొదలు. పెద్ద కంపెనీలు వంద పీపాల సరుకు ఒకే తొట్టిలో కలిపి, నీళ్ళూ రంగూ పోసి అమ్ముతుంటే, ఈయన ఏ పీపా సరుకు ఆ పీపాదే అన్నాడు. నీటిచుక్క పడనివ్వలేదు. మొదట జనం నవ్వారు, తర్వాత వరస కట్టారు. మొదటి రెంటిలో ఒకటి మాత్రం ముప్ఫై ఒక్కేళ్ళుగా మూలన గుర్రు పెడుతూనే ఉంది. మొండిఘటం!

ఆయనకు ఒక్కతే కూతురు. గోదాములోనే పెరిగింది. గోడ అవతలి నుంచి విని ఏ పీపా గురకో చెప్పేస్తుంది. "ఒక పనికి రెండు జతల చెవులెందుకమ్మా?" అంటూ ఆయనే ఆమెను వేరే ఊళ్ళో ఉద్యోగానికి ఒప్పించాడు. సోమవారం చేరాలి. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

శుక్రవారం పొద్దున మూల నుంచి పెద్దాయన కేక వినిపించింది. "మేలుకుంది! నా పీపా మేలుకుంది!"

గోదాములో పనివాళ్ళంతా మొహమొహాలు చూసుకున్నారు. పీపా గురకకు గోదాము దద్దరిల్లుతోంది మరి.

మధ్యాహ్నానికి పాత కొనుగోలుదార్లంతా దిగారు. కడిగిన సీసాలు బల్ల మీదికెక్కాయి. "నువ్వు చెప్పు", "నువ్వే చెప్పు" అని ఒకరినొకరు మోచేత్తో పొడుచుకోవడమే తప్ప, ఆయన మొహంలో సంబరం చూసి ఎవరికీ నోరు పెగల్లేదు.

పెద్దాయన బిరడా ఊడగొట్టడానికి కొయ్యసుత్తి ఎత్తాడు.

కూతురు ఆ చేయి పట్టుకుంది. ఆయన రెండో అరచేతిని తీసి పీపా పొట్ట మీద ఆనించింది. గురకతో పాటే అరచేయి అదిరింది, ఆగింది, మళ్ళీ అదిరింది. పెద్దాయన సుత్తి దించాడు.

"నాకు వినపడటం లేదని ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"రెండేళ్ళ నుంచి నాన్నా, కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది," ఆమె చెవి దగ్గర గట్టిగా అంది.

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్పాను. నీకు వినపడలేదు."

ముందు నవ్వింది పెద్దాయనే. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. వచ్చినవాళ్ళకు వేరే సీసా తెరిపించి, సుత్తి కూతురి చేతిలో పెట్టాడు.

"మరి సోమవారం?" అంది ఆమె.

"పొద్దున ఏడింటికల్లా ఇక్కడుండాలి. ఆలస్యమైతే ఊరుకోను."

ఆమె ఆరింటికే వచ్చింది.

మూలపీపా ఇంకో నాలుగేళ్ళు పడుకుంది. గురక ఆగిన రోజు ఆమె పరుగున వెళ్ళి తండ్రిని చేయి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన చాలాసేపు పీపా మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు. ఈసారి చేయి అదరలేదు.

"కొట్టవే అమ్మా," అన్నాడు.