పేపరు రాని ఆదివారం

రంగుల ఫ్యాక్టరీలో బాయిలర్ పేలినప్పుడు చిట్టి గేటు దగ్గరే ఉంది. వదినకు అన్నం క్యారియరు ఇవ్వడానికి వెళ్లింది. టార్పాలిన్ కప్పి నలుగురిని కంపెనీ వ్యాన్‌లోకి ఎక్కించడం కళ్లారా చూసింది. టార్పాలిన్ కింద నుంచి ఒక కాలు వేలాడుతోంది. ఆ కాలికి, ఆకుపచ్చ దారంతో కుట్టించుకున్న వదిన చెప్పు. వ్యాన్ ఆసుపత్రి వైపు వెళ్లలేదు.

మర్నాడు పేపర్లో ఓ మూలన చిన్న ముక్క. "స్వల్ప ప్రమాదం. ప్రాణనష్టం లేదు. కనిపించకుండా పోయిన కొందరి కోసం గాలింపు."

అన్నయ్య పోలీసు స్టేషన్‌కు పరుగెత్తాడు. "చచ్చిందని పేపర్లో లేదే! ఎవడితోనో లేచిపోయిందేమో చూసుకో" అని పోలీసులు నవ్వారు.

ఆ పేపరు ప్రెస్సులోనే చిట్టి పని. ఆదివారం పేపరుకు పైన చుట్టే ప్రకటన షీటు శనివారం మధ్యాహ్నానికే అచ్చయి వస్తుంది. దాన్ని, ముందే అచ్చయిన ఆదివారం అనుబంధం పేజీలకు చుట్టేది యంత్రం కాదు, ఆడవాళ్ల చేతులు. ఆ శనివారం కట్ట విప్పితే రంగుల ఫ్యాక్టరీ బొమ్మ, పక్కన నవ్వుతున్న మంత్రి. కింద, "భద్రతే మా ఊపిరి."

"ఏమే, మంత్రిగారు నచ్చారా, చేతులాగిపోయాయి?" అని కట్టలు కట్టే పెద్దమ్మ చిట్టిని వేళాకోళమాడి, బొమ్మ చూసి నాలుక్కరుచుకుంది.

భోజనాల వేళ అంతా ఒకచోట చేరారు.

"మెల్లిగా మాట్లాడండే. నిన్న టీ దగ్గర శవాల గురించి అనుకున్న మాట మేస్త్రీ చెవిన ఎవరేశారు?" అంది పెద్దమ్మ.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిట్టికి అందరి మీదా అనుమానమే. అందరికన్నా ఆ పేపరు విలేకరి మీద. ఇంటికొచ్చి, వదిన ఫొటో పట్టుకెళ్లి, అన్నయ్యతో పాటు కళ్లు తుడుచుకున్న మనిషి. అతను మెట్లు దిగుతుంటే పెద్దమ్మ దారికి అడ్డం నిలబడింది.

"ఎంతకమ్మావు బాబూ, మా పిల్లని?"

"ఒట్టు పెద్దమ్మా, నేను రాశాను. పైవాళ్లు తీసేశారు."

"నీ పైనెవరు?"

"ఎడిటరు."

"ఆయన పైన?"

"ఓనరు."

"మరి ఆ మహానుభావుడి పైన?"

విలేకరి షీట్ల కట్టల వైపు చూశాడు.

"వాటిని చుట్టాల్సింది మనమేగా" అంది చిట్టి.

"పని పోతే నా పిల్లలకేం పెట్టను?" ఎవరో గొణిగారు.

"నా మొగుడూ ఆ ఫ్యాక్టరీలోనే చేస్తాడు. రేపు వాణ్నీ లేచిపోయాడంటారు. వాడి మొహానికి ఎవరొస్తారే!" అంది ఇంకొకామె.

నవ్వబోయి ఆగిపోయారు.

గంట మోగింది. ఒక్కరూ షీటు ముట్టలేదు. కట్టల మీదే కూర్చున్నారు. మేస్త్రీ అరిచి అలిసిపోయాక మేనేజరు దిగొచ్చాడు.

"చచ్చినవాళ్ల సంగతి రాయండి, చుడతాం" అంది చిట్టి. "లేదంటే ఇది లేకుండానే పంపండి. లోపల వార్తలుంటాయిగా."

"ఇది లేకుండా పేపరెందుకు? మిగతాదంతా దీనికోసమేగా!" అనేశాడు మేనేజరు. తనన్న మాట తనకే వినిపించి, గొంతు పెంచాడు. "ఇది పత్రికా స్వేచ్ఛ మీద దాడి! పోలీసుల్ని పిలవండి!"

"చచ్చినదాన్ని చచ్చిందని రాయలేని స్వేచ్ఛ ఎందుకు నాయనా, ఉప్పులో వేసుకోనా?" అంది పెద్దమ్మ.

పోలీసులొచ్చి ఆడవాళ్లను జుట్టు పట్టి వ్యాన్‌లోకి ఈడ్చారు. గేటు బయట, పేపర్లు వేసేవాళ్లు కట్టల కోసం సైకిళ్లతో నిలబడి ఉన్నారు. చిట్టి వ్యాన్ జాలీ పట్టుకుని అరిచింది.

"మా వదిన లేచిపోలేదు! నలుగురు చచ్చారు! శవాల్ని దాచేశారు!"

వాళ్లు అనుమానంగా చూశారు. "నువ్వు చూశావా?" అన్నాడొకడు.

"నా కళ్లతో చూశాను."

అతను ఖాళీ సంచి దులిపి భుజాన వేసుకున్నాడు. "అయితే రేపు ఆ పేపరు నేను మొయ్యను." పక్కవాడు సైకిలు వెనక్కి తిప్పాడు. ఆ పక్కవాడూ.

ఆదివారం పొద్దున స్టేషన్లో కానిస్టేబుల్ ఫోను మోగింది. అతని భార్య గొంతు లాకప్ దాకా వినిపించింది.

"ఏమండీ, పేపరు రాలేదు. పేపరబ్బాయి మాత్రం వచ్చాడు. ఫ్యాక్టరీలో నలుగురు చచ్చారట, శవాలెక్కడున్నాయో మీ ఆయన్ని అడగమ్మా అన్నాడు. వీధిలో ప్రతి తలుపూ కొట్టి చెబుతున్నాడు. ఎక్కడున్నాయండీ?"

కానిస్టేబుల్ ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు. బయట రోడ్డు మీద సైకిలు బెల్లులు, వాటి వెనక జనం అడుగుల చప్పుడు. చిట్టి ఊచలు పట్టుకుని లేచి నిలబడింది.

"అడుగుతోందిగా," అంది. "చెప్పండి."