నిప్పుకోడి ముందు హుషారు

విదేశంలో హుషారును మొదట కొట్టింది ఒక బాతు.

విమానం దిగిన సాయంత్రమే, హోటలు ఎదురుగా ఉన్న పార్కులో, చెరువు గట్టు మీద అది తెల్లగా ముద్దొస్తూ కనిపించింది. దాని పక్కన నిలబడి, పొట్ట లోపలికి లాక్కుని, "తియ్యండి, తియ్యండి" అంటూ ఫొటోకి ఫోజు పెట్టాడు. బాతు మెడను నేలబారుగా చాచి బుస్సుమంటూ వచ్చి, ప్యాంటు బాగా బిగుతుగా ఉన్న చోట పట్టుకుని మెలితిప్పింది. పట్టుకుని వదిలేసినా బాగుండేది, వేలాడింది. దాన్ని వెనక వేలాడదీసుకునే అతను గట్టు మీద మూడు చుట్లు పరిగెత్తి, చివరకు ఎప్పుడూ చేరే చోటికే చేరాడు. అంటే భార్య వీపు వెనక్కి. ఆమె చేతిసంచీ కింద పెట్టి, బాతు మెడ పట్టుకుని, ఒక్క విదిలింపుతో దాన్ని చెరువులోకి విసిరేసింది. వెంట ఉన్న జంటలన్నీ పొట్టలు పట్టుకుని నవ్వాయి.

"చూశారా, మా ఆవిడ పక్కనుంటే నాకు పులైనా లెక్క లేదు" అన్నాడు హుషారు, వెనక నెత్తురు చెమ్మ తగులుతున్నా నవ్వుతూనే.

ఆ జంటలన్నీ కోళ్లకొట్ల వాళ్ళే. ఏడాదంతా బాగా వ్యాపారం చేసిన ఏడు కొట్లను ఏరి, దాణా కంపెనీ వాళ్ళు మొగుడూ పెళ్ళాలను వారం రోజుల విహారానికి తీసుకొచ్చారు. హుషారు అన్నది అతని అసలు పేరు కాదు, మార్కెట్టు పెట్టిన పేరు. పొద్దున్నే అతని కొట్టు ముందు నిలబడితే చాలు, మాంసం కొనడానికి వచ్చినవాడు రెండు జోకులు కూడా మూట కట్టుకుని వెళ్తాడు.

కొట్టు రెండు భాగాలు. ముందు గదిలో కాటా, మొద్దు, హుషారు. వెనక, రేకు తడిక అవతల, కత్తీ నీలం డ్రమ్మూ అతని భార్యా. కోడి మెడ కోసి డ్రమ్ములో వేస్తే, ప్రాణం పోయేదాకా అది లోపల తన్నుకుంటుంది. కాళ్ళూ రెక్కలూ డ్రమ్ముకు తగిలి డబడబా మోగుతాయి. ఆ మోత ముందుకు వినపడకుండా హుషారు గొంతు పెంచి జోకు ఎత్తుకుంటాడు. డ్రమ్ము ఎంత గట్టిగా మోగితే జోకు అంత పెద్దది. పంతొమ్మిదేళ్ళుగా ఆ కొట్టు ఇలాగే నడుస్తోంది, ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు.

కొట్టు తెరిచిన మొదటిరోజు సంగతి అతని జోకులన్నిట్లోకీ పేరుమోసింది. ఆ రోజు కోసే మనిషి రాలేదు. హుషారే కత్తి పట్టాడు. చేతిలోని కోడి తల తిప్పి అతని కళ్ళలోకి చూసింది. అంతే, కత్తి జారవిడిచి, గోడ వారకు పోయి వాంతి చేసుకున్నాడు. పెళ్ళయి నెల కూడా కాని మేనమామ కూతురు కింద పడిన కత్తి తీసుకుని తడిక వెనక్కి వెళ్ళింది. అతను మూతి కడుక్కుని ముందుకు వచ్చాడు. "ఆ రోజు నుంచీ మా ఇంట్లో నెత్తురు ఆవిడది, నోరు నాది" అని ముగిస్తాడు. నవ్వని మనిషి లేడు. ఆమె తప్ప. ఆమె నవ్విందో లేదో అతను ఎప్పుడూ తిరిగి చూడలేదనుకోండి.

ఇక్కడికి వచ్చే విమానంలోనే ఆమె అసలు మాట అంది. కుడి మణికట్టు ఎడమ చేత్తో నొక్కుకుంటూ, కిటికీలోంచి మబ్బులు చూస్తూ, తాపీగా అంది.

"బావా, తిరిగెళ్ళాక నేనింక కత్తి పట్టను."

"సరే, రంపం పడతావా ఏంటి?"

ఆమె తల తిప్పి చూసింది. అతను సీటు బెల్టు సర్దుకున్నాడు.

"నువ్వే పట్టు. లేదా కొట్టు మూసెయ్."

కొట్టు మూస్తే ఇంకేముంది? ఆ గుమ్మంలో తప్ప ఈ లోకంలో ఇంకెక్కడా అతను హుషారు కాడు. బస్సెక్కితే మామూలు మనిషి, పెళ్ళిళ్ళలో వెనక వరస మనిషి. బతిమాలాడు. ఒట్లు పెట్టాడు. ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని తనే మర్దన చేశాడు. చివరకు ఆమెకే విసుగొచ్చింది.

"అయితే పందెం. ఈ వారంలో ఒక్కటంటే ఒక్క ప్రాణికి నా వెనక దాక్కోకుండా ఎదురు నిలబడు. నిలబడితే ఇంకో ఏడాది కోస్తా. లేకపోతే మూసేద్దాం. మాటంటే మాటే."

బాతు దగ్గరే మొదటి అవకాశం పోయింది. రెండోరోజు కొండ మీద టిక్కెట్ల గది దగ్గర ఒక కోతి అతని టోపీ లాక్కుంది. "ఇటివ్వరా తమ్ముడూ" అని నవ్వుతూ చెయ్యి చాచాడు. తమ్ముడు చెంప ఛెళ్ళుమనిపించి, భుజం మీదికి ఎగిరి, చెవి కొరికాడు. మెడ మీంచి చొక్కా లోపలికి నెత్తురు కారింది. అప్పుడూ ఆమే గొడుగుతో రెండు తగిలించి కోతిని దించింది. మూడు కుట్లు. నాలుగోరోజు హోటలు స్నానాలగదిలో మోచెయ్యంత బల్లి ఒకటి కనబడింది. హుషారుకు పై ప్రాణాలు పైనే పోయాయి, చేతులు కడిగే తొట్టి మీదికి ఎక్కేశాడు. ఎనభై కిలోల మనిషిని మొయ్యడానికి దాన్ని బిగించలేదు కదా. అది గోడలోంచి ఊడి ముక్కలైతే, ఒక ముక్క అరికాల్లో దిగింది. నీళ్ళూ నెత్తురూ కలిసి గదంతా గులాబీ రంగుకు తిరిగాయి. ఆమె బల్లిని తువాల్లో చుట్టి కిటికీలోంచి వదిలేసి వచ్చి, అతని పాదంలోంచి పింగాణీ ముక్క లాగుతూ, "ఇంక రెండ్రోజులే ఉన్నాయి బావా" అని గుర్తుచేసింది.

వెంట ఉన్నవాళ్ళకు ఇదంతా పండగే. దాణా కంపెనీ ఏజెంటు ఫోనులో వీడియోలు తీసి, భోజనాల దగ్గర అందరికీ వేసి చూపించేవాడు. అందరికన్నా గట్టిగా నవ్వేది హుషారే. కానీ ఆరోరోజు పొద్దున అద్దం ముందు చెవికి కట్టు మార్చుకుంటూ మాత్రం నవ్వలేదు. ఆ రోజుతో ఆఖరు. మర్నాడు విమానం.

ఆ రోజు చూపించింది జంతువులు విడిగా తిరిగే పెద్ద పార్కు. జంటకో జీపు, పైకప్పు లేదు, తలుపులు రేకువి. ఎక్కేముందే డ్రైవరు వేలు చూపించి మరీ చెప్పాడు, ఏం జరిగినా కిందికి దిగొద్దని. రెండో గేటు దగ్గర గడియ పట్టేసింది. దాన్ని తియ్యడానికి డ్రైవరు దిగి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే, ఎండిన గడ్డిలో ఒంటరిగా నిలబడి ఉన్న నిప్పుకోడి హుషారు కంటపడింది.

మనిషికన్నా మూరెడు ఎత్తు. నల్లటి ఒళ్ళు, పొడుగాటి బోసి మెడ. కానీ హుషారు దాని ఎత్తు చూడలేదు. అతనికి కనిపించింది కోడి. బాతూ కాదు, కోతీ కాదు, బల్లీ కాదు. పంతొమ్మిదేళ్ళుగా తనకు అన్నం పెట్టిన కోడి. జేబులో కంపెనీ దాణా పొట్లం ఉంది, ఏజెంటు అందరికీ పంచిన శాంపిలు. ఇంతకన్నా మంచి ముహూర్తం ఉంటుందా?

"ఎక్కడికి?" అంది ఆమె.

"పందేనికి."

"ఎక్కు బావా. అది కోడి కాదు."

"ఎంత పెద్దదైనా కోడి కోడే." దిగి, నాలుగడుగులు వేసి, కొట్లో గూడు తెరిచి పిలిచినట్టే "బ్బా బ్బా బ్బా" అంటూ గుప్పెడు దాణా చల్లాడు.

నిప్పుకోడి తల తిప్పి చూసింది. నడిచింది. తర్వాత పరిగెత్తింది. గేటు దగ్గర్నుంచి డ్రైవరు ఏదో అరుస్తున్నాడు. దాని ముక్కూ కాళ్ళ ముందువైపూ, జతకట్టే రోజుల్లో మగపక్షికి ఎక్కే ఎరుపుతో, కందిపోయి ఉన్నాయి. దాణా వంక అది చూడనైనా చూడలేదు. రెక్కలు విప్పి నేల అదిరేలా వస్తోంది. హుషారు దాణా చల్లిన చెయ్యి చాచినట్టే నిలబడిపోయాడు. ఆమె జీపులోంచి దూకి, అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. లాగగానే అతని ఒళ్ళు తనకు బాగా తెలిసిన పని తను చేసింది. ఆమె భుజాలు రెండూ పట్టుకుని, వీపు వెనక్కి దూరాడు.

అతనికి పడాల్సిన దెబ్బ ఆమెకు పడింది.

కాలు ముందుకు లేచి, ఆమె భుజం మీద పడి కిందికి దిగింది, అంతే. ఎముక విరిగిన చప్పుడు అతని అరచేతుల్లోనే తెలిసింది. దాని గోరు తొడ మీద పైనుంచి మోకాలి దాకా చీల్చేసింది. ఆమె అరవలేదు, కూలిపోయింది. చేతుల్లో ఆమె భుజాలు లేకపోయేసరికి హుషారుకు ఎదురుగా నిప్పుకోడి ఒక్కటే మిగిలింది. మధ్యన ఎవరూ లేరు.

అది రెండోసారి కాలెత్తింది, కింద పడి ఉన్న ఆమె మీదికి.

"మెడ!" అంది ఆమె నేల మీదనుంచి. "తల కింద పట్టుకో. కిందికి లాగు. తల దిగితే ముందుకు తన్నలేదు."

అతను దాని మీద పడ్డాడు. ముక్కు అతని నుదురు చీల్చింది, కళ్ళలోకి నెత్తురు కారింది. మెడ రెండు చేతులకూ దొరికింది, వెచ్చగా, తాడులా. ఒంటి బరువంతా వేసి కిందికి లాగి, జీపు తలుపుకేసి అదిమాడు. కాళ్ళు వెనక్కీ పక్కకీ విదిలిస్తూ రేకును తంతున్నాయి. డబడబా, డబడబా. అతని పిడికిలి కిందే దాని నాడి కొట్టుకుంటోంది. జానెడు దూరంలో కన్ను, కోడిగుడ్డంత కన్ను, అతన్నే చూస్తోంది. ఆ మోత మీద కప్పడానికి ఒక్క జోకు కోసం అతని నోరు తెరుచుకుంది. ఒక్కటీ రాలేదు. మెడ మెలితిప్పాడు.

"చాలు బావా! డ్రైవరొస్తున్నాడు, పట్టుకుని ఉండు చాలు!"

ఇంకా తిప్పాడు.

"చాలు! వదిలెయ్!"

అతనికి వినపడలేదు. మెడలో ఏదో పటుక్కుమంది. అయినా తిప్పుతూనే ఉన్నాడు. గట్టి కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చిన డ్రైవరు అతని వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సొచ్చింది. అప్పటికీ కాళ్ళు రేకును కొడుతూనే ఉన్నాయి. ఆగి, మళ్ళీ కొట్టి, మెల్లగా నిలిచిపోయాయి.

పార్కు వాళ్ళ ఆస్పత్రిలో ఆమె తొడకు ఇరవై ఆరు కుట్లు వేశారు. విరిగిన భుజం ఎముకకు కట్టు కట్టారు. అధికారి ఒకాయన వచ్చి, డ్రైవరు చెప్పింది రాసుకుని, తలపంకించి వెళ్ళిపోయాడు. హుషారు నుదుటికీ కట్టు కట్టారు గానీ, చేతులు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రెండు అరచేతులూ పైకి పెట్టుకుని, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో నెత్తురు నల్లబడింది. చూపుడువేలికి సన్నటి ఈక ఒకటి అంటుకుని ఉంది.

జంటలన్నీ గుమ్మంలో గుంపుగా చేరాయి. ఏజెంటు ఫోను పైకెత్తాడు.

"నిప్పుకోడినే చంపారంటే మాటలా! హుషారుగారూ, దీని మీద ఒక జోకు పడాలి మరి."

అందరూ ఎదురుచూశారు. నవ్వడానికి ముఖాలు సిద్ధం చేసుకుని మరీ చూశారు. హుషారు వాళ్ళ వంక చూశాడే గానీ నోరు విప్పలేదు. చూసి చూసి ఒక్కొక్కరే జారుకున్నారు. ఆఖర్న ఏజెంటు ఫోను జేబులో పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

"ఇటు జరుగు బావా" అంది ఆమె.

మంచం పక్కన బల్ల మీద పళ్ళెంలో గోరువెచ్చటి నీళ్ళున్నాయి. దాన్ని ఒళ్ళోకి లాక్కుని, మంచిగా ఉన్న చేత్తో అతని చేతులు నీళ్ళలో ముంచింది.

"ముందు వేళ్ళ సందులు. గోళ్ళ కింద సబ్బుకి పోదు, ఉప్పుతో రుద్దాలి. ఇప్పటికి ఇంతే." బొటనవేలితో ఒక్కో గోరూ రుద్దుతూ అంది. "ఇవాళ ఈ చేత్తో అన్నం తినకు, వాసనొస్తుంది. చెంచాతో తిను. నిద్రలో చెయ్యి ఉలిక్కిపడుతుంది, భయపడకు. మొదటిరోజు అలాగే ఉంటుంది."

నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆమె ఈకను తీసి పళ్ళెం అంచుకు అంటించింది.

"పందెం నువ్వే నెగ్గావు. మాటంటే మాటే, ఇంకో ఏడాది కోస్తా."

హుషారు తల అడ్డంగా ఊపాడు. "వద్దు. మూసేద్దాం."

"మూస్తే నువ్వేం చేస్తావు?"

"తెలీదు." ఎర్రబడ్డ నీళ్ళలో ఆమె వేళ్ళ వంక చూశాడు. "ఏమే... ఆ మొదటిరోజు నీ చేతులు ఎవరు కడిగారు?"

ఆమె చెయ్యి నీళ్ళలో ఆగింది.

"ఎవరు కడుగుతారు బావా? నువ్వు ముందు గదిలో అందర్నీ నవ్విస్తున్నావు కదా."