బౌకెమా చెవులు

హిల్కె కలం పట్టదు. సిరాలో వేలు ముంచి బొమ్మ వేస్తుంది. ‘ఇది చిత్రకళ కాదు, పసిపిల్లల అల్లరి’ అని కళాశాలవాళ్ళు సాగనంపితే, అదే వేలితో నెదర్లాండ్స్ ఊరు లేవార్డెన్‌లోని ఓ పత్రికలో చేరి ఇరవై ఏళ్ళుగా నాయకులను ఉతికి ఆరేస్తోంది.

ఆ వేలు చేసిన ఘనకార్యాల్లో పెద్దది బౌకెమా. నగరసభలో అడుగుపెట్టిన కొత్తలో, పదవి ఉన్నవాడి వెనకల్లా తిరుగుతున్నాడని, అతణ్ణి చెవులు వేలాడే కుక్కపిల్లగా వేసింది. ఊరు పడీ పడీ నవ్వింది. బౌకెమా ఇంకా గట్టిగా నవ్వాడు. సిగ్గూ శరమూ లేని మనిషి, ఎన్నికల సభల్లో గుడ్డ కుక్కపిల్లలు పంచిపెట్టాడు. ఈమె ఎంత వెక్కిరిస్తే వాడంత ముద్దొచ్చాడు.

తెల్లవారితే పోలింగు. గెలిస్తే కాలువలోని పడవ ఇళ్ళన్నీ ఖాళీ చేయించి విహార నౌకలకు రేవు కట్టిస్తానని బౌకెమా బాహాటంగానే చెప్పాడు. హిల్కె ఉండేది పడవ ఇంట్లోనే. పక్క పడవలో ఉండే ముసలి ఫ్రౌకె పుట్టిందీ, కాపురం చేసిందీ ఆ చెక్కల మీదే.

అందుకే ఆఖరి బొమ్మలో హిల్కె చెవులు వేయలేదు, తోక వేయలేదు. మనిషిని మనిషిలాగే వేసింది. లోపల ముసలమ్మ కూర్చునుండగానే పడవ తాడు విప్పుతున్నాడు. ఆమె వంక చూడనైనా చూడటం లేదు.

సంపాదకుడు సీట్సె కాగితం అటూ ఇటూ తిప్పాడు. “కుక్కపిల్లేదీ?”

“చచ్చింది.”

“తమాషాలొద్దు హిల్కె. జనం పేపరు కొనేదే దానికోసం. చిన్న చెవులు పెట్టవే తల్లీ, నీకు పుణ్యముంటుంది.”

“పెడితే ఈ తాడు ఎవడికీ కనబడదు. వేస్తే ఇలాగే వెయ్యి. లేదంటే ఆ జాగా ఖాళీగా వదిలెయ్యి.”

అచ్చుకు వేళ మించిపోతోంది. సీట్సె బట్టతల రుద్దుకున్నాడు. హిల్కె బెట్టు సడలించలేదు. “నీతో చస్తున్నా” అని అతను బొమ్మ పంపించేశాడు.

పొద్దున్నే ఆఫీసులో ఫోన్లు మొదలయ్యాయి. మా కుక్కపిల్లనేం చేశారని ఒకటే తిట్లు. తాడు సంగతి ఒక్కరైనా ఎత్తుతారేమోనని హిల్కె చెవులు రిక్కించుకుని కూర్చుంది. ఎవరూ ఎత్తలేదు.

ఓటు వేయడానికి బడి దగ్గర వరుసలో నిలబడితే, లోపలినుంచి ఫ్రౌకె విసవిసా వచ్చింది.

“ఏమే, నీకేం పోయేకాలం? ఆ పిల్లాణ్ణి అంత ఘోరంగా వేశావేం?”

“తాడు చూళ్ళేదా పిన్నీ? అది నీ పడవదే!”

“చూశాన్లే. ఎదుటి పార్టీలన్నీ వాణ్ణి ఆడిపోసుకుంటుంటే నువ్వూ మొదలెట్టావా? ఇన్నేళ్ళూ రోజూ పేపర్లో నా కాఫీ పక్కన కూర్చున్నవాడు. నువ్వే కదే తెచ్చి కూర్చోబెట్టావు! ఎవరికి వెయ్యాలో రాత్రిదాకా తేలలేదు నాకు. పొద్దున నీ బొమ్మ చూశాక ప్రాణం ఉసూరుమంది. అక్కడి ఎర్ర పెన్సిలు తీసుకుని ఓటు కాగితంలో వాడి పేరు పక్కన గడి నిండా దిద్దొచ్చా.”

హిల్కెకు కోపం రావలసింది, సిగ్గు ముంచుకొచ్చింది. తన బొమ్మ చూసి ఒక మనిషి ఓటు ఎటో తేల్చుకోవడం ఈ ఇరవై ఏళ్ళలో ఆమె కళ్ళారా చూసింది ఇదే మొదటిసారి.